ఊరి పద్దు ఎవరి చేతిలో?

ఈ వారం మీ ఊరి పంచాయతీలో ఏం జరిగింది? చెప్పగలరా?

ఢిల్లీలో ఎవరు ఎవరితో చేతులు కలిపారో చెబుతాం. అమరావతిలో ఏ మంత్రి ఎవరిని తిట్టాడో తిథి నక్షత్రాలతో సహా చెబుతాం. అమెరికా వీసా సంగతి మన ఇంజనీరింగ్ కుర్రాళ్లను నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతారు. కానీ మన వీధి కొళాయి మూడు రోజులుగా ఎందుకు ఎండిపోయింది? మోటారు కాలిందా, కరెంటు బిల్లు కట్టలేదా, కట్టడానికి పంచాయతీ ఖాతాలో సొమ్మే లేదా? ఉండాల్సిన సొమ్ము ఏమైంది? ఇది మాత్రం మనకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించదు. పాలకులకు కావలసింది సరిగ్గా ఇదే.

ఊళ్లో వార్తలే లేవని కాదు. ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీ నుంచి నెల మొదలవుతుంది. ట్యాంకు కడిగి క్లోరిన్ కలిపారా లేదా, చెత్త బండి తోసే కార్మికుడికి జీతం ఎన్ని నెలలు బాకీ, ఇంటి పన్ను నోటీసు ఎవరికి వెళ్లింది, ఎవరిని వదిలేసింది, అంగన్‌వాడీ పైకప్పు ఎప్పుడు బాగవుతుంది, కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతర జనం దిగితే దారిలో మంచినీళ్లకు ఏర్పాటేమిటి... ఇవన్నీ వార్తలే. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు బండి కట్టే రైతుకు, పొద్దున్నే షిఫ్టు బస్సెక్కి అచ్యుతాపురం పోయే ఆడపిల్లకు ప్రధానమంత్రి విదేశీ పర్యటన కంటే ఇవే పెద్ద వార్తలు. పత్రికల జిల్లా పేజీల్లో వీటికి దొరికే చోటెంత? రిబ్బను కత్తిరిస్తున్న ఒక ఫోటో. ఆ ఫోటోలో కూడా సర్పంచు వెనక వరసలోనే ఉంటాడు. మహిళా సర్పంచయితే ఆమె భర్త ముందు వరసలో ఉంటాడు!

వార్త లేని చోట లెక్క ఉండదు. లెక్క అడిగేవాడు లేని చోట ఖజానా నిలవదు. ఇరవై ఏళ్లుగా మన పంచాయతీలకు పట్టిన గతి ఇదే.

చట్టం ఏం చెబుతోంది? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడు, 1994లో, మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. తాగునీరు, చిన్నతరహా సాగునీరు, ప్రాథమిక విద్య, ఆరోగ్యం, పేదరిక నిర్మూలన, అన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఊరికి ఇవ్వదగ్గ అంశాలని రాజ్యాంగం చెప్పింది. ఎన్ని ఇవ్వాలో, ఎప్పుడివ్వాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. వదిలేసినదాన్ని మన రాష్ట్రం పట్టించుకుంటుందా? కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం దాకా స్థానిక సంస్థలకు ఇస్తానని తీర్మానించి ప్రజా ప్రణాళిక మొదలుపెట్టింది. మన దగ్గర ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆ మాట ఎత్తలేదు.

ఆ చట్టంలోనే గ్రామసభ ఉంది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులు. అసెంబ్లీ గేటు దాటాలంటే మనకు పాసు కావాలి. గ్రామసభకు అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి ఓటు నమోదు చేయించుకున్న డిగ్రీ కుర్రాడు అక్కడ ఎమ్మెల్యేతో సమానంగా మాట్లాడొచ్చు. ఏడాది జమా ఖర్చులు, ఆడిట్ నివేదిక, చేపట్టబోయే పనులు, వేయబోయే కొత్త పన్నులు ఆ సభ ముందు పెట్టి తీరాలి. మరి జరుగుతున్నదేమిటి? రామకోవెల దగ్గర నాలుగు కుర్చీలు వేస్తారు. టముకు వేశామంటారు. ఎవరికీ వినపడదు. సంతకాల పుస్తకం మాత్రం మధ్యాహ్నానికల్లా ఇంటింటికీ తిరిగి వస్తుంది. ఇంట్లోనే కూర్చున్నవాళ్లు కూడా సభకు హాజరైనట్టే!

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ మైసూరివారిపల్లెలో, ముఖ్యమంత్రి చంద్రబాబు వానపల్లిలో కూర్చున్నారు. ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. ప్రపంచ రికార్డు అన్నారు, పత్రం కూడా అందుకున్నారు. మంచిదే. గ్రామసభ అనే మాట చాలా ఏళ్ల తర్వాత మొదటి పేజీకి ఎక్కింది, అందుకు సంతోషించాలి.

కానీ అంతకు రెండు రోజుల ముందు, ఆగస్టు 21న, మన అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. 17 మంది చనిపోయారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు. అదే ప్రాంతంలో 2022లో రెండుసార్లు విషవాయువు సోకి వందల మంది మహిళా కార్మికులు ఆస్పత్రుల పాలయ్యారు. 2023 జూన్‌లో సాహితి ఫార్మాలో మంటలు లేచి మళ్లీ ప్రాణాలు పోయాయి. ఇన్ని జరిగాక అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల గ్రామసభల ముందు ఆ రోజు ఏ ప్రశ్న ఉండాలి? సిమెంటు రోడ్డు ఎంత పొడవు వేయాలన్నదా, గోడ అవతల డ్రమ్ముల్లో ఏ రసాయనం ఉంది, అది పేలితే పిల్లల్ని తీసుకుని ఏ దారిన పరిగెత్తాలన్నదా? రాష్ట్రమంతటికీ ఒకే ఎజెండా పైనుంచి దిగింది. ఒకే ఎజెండాతో 13,326 సభలు పెడితే రికార్డు వస్తుంది. ఊరి సభ రాదు.

అసలు ఆ గోడ అవతలి వ్యవహారం మీద పంచాయతీకి ఏం అధికారం ఉంది? చాలామంది ఉద్యోగ మిత్రులకు కూడా ఈ సంగతి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఏపీఐఐసీ పారిశ్రామిక వాడల్లో ‘ఐలా’ అనే సంస్థలున్నాయి. పారిశ్రామిక వాడ స్థానిక అధికార సంస్థ అని దాని పూర్తి పేరు. అది నోటిఫై అయిన చోట పంచాయతీ అధికారాలు దానికి బదిలీ అవుతాయి. భవనానికి అనుమతి ఇచ్చేది అదే. ఆస్తి పన్ను వసూలు చేసేదీ అదే. వసూలైన పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇవ్వాలి, మిగిలిన 65 శాతం ఐలా దగ్గరే ఉంటుంది. అంటే భూమి ఊరిది, పొగ ఊరిది, రోడ్డు మీద ట్యాంకర్ల గోల ఊరిది. పన్నులో మాత్రం ఊరికి మూడో వంతు. ఆ మూడో వంతయినా ఏటా ఎంత రావాలి, ఎంత వచ్చింది అని ఎన్ని పంచాయతీ సమావేశాల్లో చర్చ జరిగింది? ఐలాకు సర్పంచు అధిపతి కాడు. ఊరి ఓటరుకు అక్కడ ఓటు లేదు. ఎన్నికలు లేని ప్రభుత్వం మన ఊరి నడుమనే నడుస్తోంది, మనం గమనించలేదు!

ప్రజాభిప్రాయ సేకరణ ఉంది కదా అంటారు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ జరిపేది కలెక్టరు యంత్రాంగం, కాలుష్య నియంత్రణ మండలి. గ్రామసభ కాదు. పారిశ్రామిక పార్కుకు ఒకసారి అనుమతి వస్తే లోపల పెట్టే కంపెనీలకు విడివిడిగా ఆ సభ కూడా అక్కర్లేదు. భూసేకరణకు 2013 కేంద్ర చట్టం సామాజిక ప్రభావ అంచనా జరపాలని, అందులో పంచాయతీని సంప్రదించాలని చెప్పింది. 2018లో మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి, పారిశ్రామిక కారిడార్ల వంటి వాటికి ఆ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకుంది. ఒక్కొక్క గడియ తీసేస్తూ పోతే ఇక తలుపెందుకు?

2025 జనవరి 8న విశాఖలో ప్రధాని మోదీ నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అదే ఏడు నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు డ్రగ్ పార్కు వద్దంటూ దీక్షలకు కూర్చున్నారు. అక్టోబరులో జాతీయ రహదారి మీదకు వచ్చారు. వాళ్లు రోడ్డెక్కారని విసుక్కున్నవాళ్లున్నారు. ఊరి మాట చెప్పుకోవడానికి చెల్లుబాటయ్యే చోటు ఊళ్లోనే ఉంటే ఎవరు వచ్చి హైవే మీద కూర్చుంటారు? పరిశ్రమలు రావద్దని మనం అనడం లేదు. మన పిల్లలకు ఉద్యోగాలు కావాలి. వచ్చే పరిశ్రమ ఏమిటో, దాని నీళ్లు ఎక్కడ కలుస్తాయో ఊరికి ముందు చెప్పి, ఊరి జవాబు రాసుకుని, ఆ రాతకు విలువివ్వమంటున్నాం. సెజ్ కోసం దిబ్బపాలెం, వెదురువాడ జనం ఇళ్లూ పొలాలూ వదిలి పోయారు. వాళ్లనడిగితే ఆనాడు తమతో ఏం చెప్పారో, ఏం చేశారో ఇప్పటికీ పూస గుచ్చినట్టు చెబుతారు.

గ్రామసభ మాటకు విలువ ఉంటే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. సరిహద్దు దాటితే ఒడిశా. నియమగిరి కొండలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. వేదాంత వంటి కంపెనీ, దాని వెనక ప్రభుత్వం వెనక్కు తగ్గక తప్పలేదు. అటవీ హక్కుల చట్టం అండగా ఉంది కాబట్టి ఆ మాట చెల్లింది. మన దేవరాపల్లి, చీడికాడ, రావికమతం కొండవాలు గూడేల్లో ఉన్నదీ గిరిజనులే. కానీ ఆ గూడేలు షెడ్యూల్డు ప్రాంతం కింద లేవు. అందుకే పెసా చట్టం వర్తించదు. జబ్బు మనిషిని డోలీ కట్టి దించుకునే గూడెం గ్రామసభ తీర్మానానికి, మైదానంలోని సభకున్న పాటి విలువే. మైదానంలో ఆ విలువ ఎంతో చూశాం.

ఇక డబ్బు సంగతి. మువ్వన్నెల జెండా ఎగరేయడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇస్తూ వచ్చారు. మూడు దశాబ్దాలకు పైగా ఇదే రేటు. ఆ వందతో బడి పిల్లలకు బిళ్లలు కూడా రావు. 2024 ఆగస్టులో దాన్ని 10 వేలకు, 25 వేలకు పెంచారు. ఇన్నాళ్లు ఆ వంద రూపాయల గురించి అడగాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదంటే పంచాయతీని వాళ్లు ఏ కంటితో చూశారో తెలుస్తుంది.

అది చిల్లర. అసలు డబ్బు 15వ ఆర్థిక సంఘం నిధులు. కేంద్రం నుంచి ఊరికని వచ్చే సొమ్ము. అందులో 60 శాతం నీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలి, మిగతాది ఊరి అవసరం చూసి. వైసీపీ హయాంలో ఆ నిధులను కరెంటు బకాయిల పేరుతో ఊళ్ల ఖాతాల్లోంచి విద్యుత్ సంస్థలకు మళ్లించారు. సర్పంచుకు చెప్పలేదు, తీర్మానం లేదు. రాత్రి ఉన్న సొమ్ము తెల్లారేసరికి లేదు. ఓట్లేసి గెలిచిన సర్పంచులు జోలె పట్టి భిక్షాటన చేశారు. ఆ పార్టీ జెండా కింద గెలిచినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఇప్పటి పాలకులు ఆనాడు వాళ్ల పక్కన నిలబడి మాట్లాడారు. ఆ మాటలు మనకు గుర్తున్నాయి.

ఒక పార్టీనే అనడం న్యాయం కాదు. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో తీరింది. అప్పుడున్న తెలుగుదేశం ప్రభుత్వం ఎన్నికలు పెట్టకుండా ప్రత్యేకాధికారులను కూర్చోబెట్టింది. 2019లో వచ్చిన ప్రభుత్వం అదే దారిన నడిచింది. చివరకు ఎన్నికల కమిషనరు నిమ్మగడ్డ రమేష్ కుమార్‌తో తగవు సుప్రీంకోర్టు దాకా పోతే తప్ప ఓటు రాలేదు. 2021 ఫిబ్రవరి 9న మొదటి విడతలో అనకాపల్లి డివిజన్ ఓటేసింది. రెండున్నరేళ్లు ఊరికి పెద్ద లేడు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులు రావన్నది షరతు. ఆ నష్టం ఎవరు పూడ్చారు?

గెలిచినవాళ్లు కుర్చీలో కూర్చునే వేళకు, 2021 మార్చిలో, జీవో 2 వచ్చింది. సర్పంచు, కార్యదర్శి చేతిలోని అధికారాలను వీఆర్వోకు కట్టబెట్టే జీవో. జూలైలో హైకోర్టు దాన్ని నిలిపేసింది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయం వల్ల జనానికి మేలు లేదనం. కాగితం పని ఊళ్లోనే అయింది, వేలమంది చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి. కానీ ఆ సచివాలయం సర్పంచుకు జవాబు చెప్పాల్సిన పని లేకుండా పెట్టారు. పాత పంచాయతీ భవనానికి పక్కనే కొత్త భవనం, దాని మీద ముఖ్యమంత్రి బొమ్మ, పార్టీ రంగు. ఆ రంగులు తీయించడానికీ కోర్టే దిగిరావలసి వచ్చింది. పైవాళ్ల తగాదాలో నలిగింది పంచాయతీ కార్యదర్శి. ఉద్యోగ మిత్రులు మన్నించాలి, మేం తప్పు పట్టేది వాళ్లను కాదు. సర్పంచు ఒకటి చెప్పి, ఎంపీడీవో ఇంకొకటి చెప్పి, ఫోన్లోని యాప్ మూడోది చెబితే ఆ ఉద్యోగి ఎవరి మాట వినాలి?

ఊళ్ల సంగతి ఇలా ఉంటే పట్టణం సంగతి ఇంకా విచిత్రం. అనకాపల్లి మునిసిపాలిటీ 1877 నాటిది. దేశంలో కాంగ్రెసు పార్టీ పుట్టక ముందు పుట్టింది. 2013లో దాన్ని, మధ్యలోని కొన్ని పంచాయతీలతో సహా, విశాఖ కార్పొరేషన్లో కలిపేశారు. 98 వార్డుల్లో మనవి అయిదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. జిల్లా వచ్చినందుకు అందరం టపాసులు కాల్చాం. ఇప్పుడు లెక్క చూడండి. మన జిల్లా కేంద్రానికి సొంత పురపాలక సంఘం లేదు, పట్టణం పద్దు పక్క జిల్లాలోని కార్పొరేషన్ చేతికి పోయింది. జిల్లా విడిపోయినా 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు ఉమ్మడిగానే నడిచింది. కలెక్టరేట్ దగ్గరకొచ్చింది. అధికారం రాలేదు.

2019 డిసెంబరు నుంచి ఈ ప్రాంతమంతా రాజధాని ఎక్కడ అన్న చర్చతో ఊగిపోయింది. విశాఖ అన్నారు, అమరావతి అన్నారు, మూడన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాలే ఉపసంహరించుకున్నారు. మన టీ కొట్ల దగ్గర ఆ రోజుల్లో వేరే మాట లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ల ఖాతాలు ఖాళీ అయ్యాయి, మన దృష్టి రాజధాని మీద ఉన్నప్పుడే. మన సొమ్ము మీద పెత్తనం మనకే కావాలని సభల్లో గొంతెత్తే ప్రతివాడూ తన ఊరి పద్దు మీద పెత్తనం ఎవరిదో కూడా అడగాలి. రేపు రాష్ట్రం ఎలా గీసినా, రాజధాని ఎక్కడ కట్టినా, ఊరి ఖాతా పాస్‌వర్డు రాజధానిలోనే ఉంటే కశింకోటకు, మునగపాకకు ఒరిగేది ఏమిటి?

విద్యార్థులకు ఒక పని. 2020 ఏప్రిల్ 24 నుంచి ‘ఈ గ్రామ్ స్వరాజ్’ అని కేంద్ర పోర్టల్ ఉంది. జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఈ ఏడు మీ పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు రాశారో, ఏ తేదీన ఏ చెల్లింపు జరిగిందో ఫోన్లోనే కనబడుతుంది. రీల్సు చూసే అరగంటలో పది నిమిషాలు చాలు. రాసిన పని, చెల్లించిన బిల్లు, వీధిలో కనబడే కాలువ, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద గ్రామసభ తీర్మానాల పుస్తకం నకలు అడగండి. సభకు రాని మీ నాయన సంతకం అందులో ఉంటే ఆశ్చర్యపోకండి.

2021 ఏప్రిల్‌లో బాధ్యత తీసుకున్న సర్పంచుల అయిదేళ్ల గడువు 2026 ఏప్రిల్ నాటిది. 2018లో మాదిరి ప్రత్యేకాధికారుల పాలన ఇంకెన్నడూ రానివ్వబోమని పార్టీలు రాసివ్వాలి. ఓటుకు వచ్చేవాళ్లను ఐలా పన్నులో 35 శాతం ఎక్కడని అడగాలి. అనకాపల్లి మునిసిపాలిటీ తిరిగి ఇస్తారా లేదా, అవునో కాదో ఒక్క మాటలో చెప్పమనాలి.

అచ్యుతాపురం, రాంబిల్లి, నక్కపల్లి, కశింకోట, చోడవరం, ఎక్కడివాళ్లయినా సరే, ఈసారి గ్రామసభకు వెళ్లండి. ఎజెండా ఏమిటి, ఎంతమంది వచ్చారు, లెక్క చదివారా, ఎవరు అడ్డం తగిలారు, ఏం తీర్మానించారు అన్నది ఒక కాగితం మీద రాసి, తీర్మానం నకలు జతచేసి పంపండి. ఊరి పేరుతో సహా ఈ పేజీలో అచ్చువేస్తాం.